గేటు దాటిన ప్రోటీన్

ఆ రోజుల్లో నేను పాఠం చెబితే బెంచీలు కూడా తలలూపుతాయని నా గట్టి నమ్మకం. ఎమ్మెస్సీ బాటనీ పట్టా చేతికొచ్చి ఇంకా ఏడాది నిండలేదు. పెట్టెలో మూడు ఇస్త్రీ చొక్కాలు, జేబులో రెండు రంగుల పెన్నులు, బుర్ర నిండా గురుశిష్యుల అనుబంధం గురించి నేనే అల్లుకున్న ఊహలు. వాటన్నిటితో రోజూ వనపర్తి నుంచి గద్వాల దాకా బస్సులోనూ, అక్కడి నుంచి షేర్ ఆటోలోనూ (డ్రైవర్ పక్కన, సగం మనిషి లోపల, సగం మనిషి బయట) ప్రయాణం చేసి ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. ఆ ఊరి పేరు మాత్రం అడక్కండి. అక్కడివాళ్లు నన్ను మరిచిపోయి ఉంటారని ఇప్పుడిప్పుడే ధైర్యం చిక్కుతోంది.

నా ఉద్యోగం గెస్ట్ లెక్చరర్. గెస్ట్ అనేసరికి కాలేజీలో మర్యాదలు బాగా జరుగుతాయని మా అమ్మ సంబరపడింది గానీ, అది ఎప్పుడు లేచి వెళ్లిపొమ్మంటారో తెలియని ఉద్యోగం అన్నమాట. ఆ ఏడు తనిఖీకి వచ్చే పెద్దసారు నా క్లాసు చూసి బాగుందని రాస్తే కొనసాగిస్తారు, లేదంటే దసరా లోపే ఇంటికి పంపిస్తారు. ఈ సంగతి మా ప్రిన్సిపాల్ సార్ నాకు గొంతు నొప్పితో గుసగుసగా చెప్పారు. ఆయన గొంతుకి డాక్టరు ఐదు మాత్రలు రాస్తే రెండు వేసుకుని, తగ్గిందని మూడు సొరుగులో దాచేశారు. నేను ఊరుకుంటానా? ఆ మాత్ర మీ గొంతులోని క్రిముల రైబోసోముల్ని పట్టుకుని పని ఆపేస్తుంది సార్, ప్రోటీన్లు తయారుకాక అవి పెరగలేవు, మధ్యలో మానేస్తే మిగిలినవి మళ్లీ పుంజుకుంటాయి అని అక్కడే నిలబడి పాఠం చెప్పాను. ఆయన అంతా విని, మరి నా రైబోసోముల సంగతేమిటని కంగారుగా అడిగారు. మనవి వేరే తీరుగా ఉంటాయి, ఆ మందుకి అంతగా చిక్కవు అని చెప్పాక స్థిమితపడి, పెద్దసారు వచ్చిననాడు ఈ పాఠమే చెప్పమన్నారు. నా కొంప ముంచిన పాఠాన్ని నేనే అలా ఆయన చేతికి అందించాను.

నిజానికి ఆ పాఠాన్ని అప్పటికే రెండుసార్లు బోర్డు మీద చెప్పి ఓడిపోయి ఉన్నాను. కేంద్రకంలో దాచిన అసలు పత్రం నుంచి ఒక నకలు బయటికి వస్తుందనీ, రైబోసోము ఆ నకలును మూడేసి అక్షరాల చొప్పున చదువుతూ పోతుందనీ, ప్రతి మూడక్షరాలకూ ఒక అమైనో ఆమ్లం వచ్చి ముందుదాని చెయ్యి పట్టుకుంటుందనీ, అలా చేతులు కలిసిన గొలుసే ప్రోటీననీ చెబితే వాళ్లు రాసుకున్నారు, అంతే. మూడోసారి మాత్రం విసుగొచ్చి, అమైనో ఆమ్లాల్ని మోసుకొచ్చేవి షేర్ ఆటోలు అన్నాను. ఒక్కో ఆటోకి ఒకే రూటు, ఒకే పాసింజరు, తన మూడక్షరాలు కనపడ్డ చోటే ఆగుతుంది, దింపేసి వెళ్లిపోతుంది. క్లాసంతా ఒక్కసారిగా ముందుకు వంగింది. అప్పుడు మొదటి బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది. ప్రతి క్లాసులోనూ లేచే చెయ్యే అది. అందుకే ఆ అమ్మాయిని తోటివాళ్లు డౌటమ్మ అనేవాళ్లు. రైబోసోముకి ఎక్కడ ఆపాలో ఎవరు చెబుతారు సార్ అని అడిగింది. నకలులోనే ‘ఇక చాలు’ అని చెప్పే మూడక్షరాలుంటాయి, వాటికి ఏ ఆటో రాదు, వేరే ఒక ప్రోటీన్ వచ్చి గొలుసును విడిపిస్తుంది, రైబోసోము రెండు ముక్కలూ విడిపోతాయి అన్నాను. అది లేకపోతేనో అంది. ఒక రకం రక్తపు జబ్బులో అదే జరుగుతుంది, ఆ మూడక్షరాలు చెడిపోయి గొలుసు అక్కర్లేనంత పొడుగవుతుంది, అలాంటి ప్రోటీన్ సరిగా నిలవదు అని చెప్పాను. అది ఎలా ఉంటుందో కళ్లతో చూసే యోగం రెండు వారాల్లో పడుతుందని అప్పటికి నాకు తెలియదు.

పెద్దసారు ముందు ఈ పాఠాన్ని నాటకంగా ఆడించాలని నిశ్చయించుకున్నాను. నకలు పత్రంగా వరండా స్తంభం నుంచి గేటు దాకా ఒక నైలాను తాడు కట్టించాను. (తాడు తెచ్చింది మా అటెండరు చిచ్చా. ఎక్కడిదని అడిగితే, వాడుకోండి సార్, అడగకండి అన్నాడు.) దానికి మూడేసి అక్షరాలు రాసిన అట్టలు వేలాడదీశాం. రైబోసోము పెద్ద ముక్క బుల్లెట్ అనే భారీ కుర్రవాడు, చిన్న ముక్క జీరా అని పిలిచే బక్కవాడు. ఇద్దరూ తాడును మధ్యలో పెట్టుకుని ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని అట్ట తర్వాత అట్ట చదువుతూ గేటు వైపు జరగాలి. నలుగురు పిల్లలు ఆటోలు. మొత్తం తొమ్మిది అమైనో ఆమ్లాల బుల్లి ప్రోటీన్. పదో అట్ట ‘ఇక చాలు’. ఆ అట్ట బాధ్యతా, గొలుసును విడిపించే పనీ డౌటమ్మవి. తాడు మిగతా సగానికి పాత రిహార్సల్ అట్టలు అలాగే ఉండిపోయాయి. విప్పుదామనుకుంటూనే బద్ధకించాను. ఇంకో ఘనకార్యం కూడా చేశాను. రిహార్సల్లో ఎవరో నవ్వించేసరికి బుల్లెట్ ఆగిపోతే నాకు ఒళ్లు మండి, రైబోసోము ఎవరి మాటా వినదు, ప్రిన్సిపాల్ సార్ పిలిచినా ఆగొద్దు, నేను పిలిచినా ఆగొద్దు, ఆ అట్ట కనిపిస్తేనే ఆగాలి అని వాళ్లచేత ఒట్టు వేయించాను.

తనిఖీ ముందు రోజు సాయంత్రం నా టీ ఒలికి ఆ పదో అట్ట తడిసింది. డౌటమ్మ దాన్ని ఇంటికి తీసుకెళ్లి కొత్తది రాసి తెస్తానంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, రేపు రావడం కుదరకపోవచ్చు, చేన్లో క్రాసింగ్ నడుస్తోంది, అట్టను మాత్రం ఎవరిచేతనైనా పంపిస్తా, మా వైపు నుంచి కాలేజీకి ఎవరొస్తారో కనుక్కోండి సార్ అని స్పష్టంగా చెప్పింది. ఆ ప్రాంతంలో ఉన్నవాళ్లకి దాని సంగతి తెలుసు. విత్తనాల పత్తి వేసిన రైతులు రోజూ సాయంత్రం మొగ్గల్లోంచి మగభాగం గిల్లేసి, గుర్తుకి ఎర్ర కాగితం పెట్టి, మర్నాడు పొద్దున వాటికి మగపూలు అద్దుతారు. ఒక్క రోజు తప్పినా ఆ రోజు పూలన్నీ దండగ. అందుకే ఈ పని నడిచే రెండు నెలలూ మా క్లాసులో సగం బెంచీలు ఖాళీగా ఉండేవి. ఇంత తెలిసిన నేను, మర్నాడు నీలం చొక్కా వేసుకోవాలా తెల్లదా అన్న ఆలోచనలో మునిగి ఉండి, సరే సరే అని పంపేశాను. ఎవరినీ కనుక్కోలేదు.

మర్నాడు పెద్దసారు వచ్చారు. సన్నగా, గంభీరంగా, చేతిలో ఫైలుతో వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నాటకం మొదలైంది. మిథియోనిన్ వేషం వేసిన కుర్రవాణ్ణి మొదటి ఆటో తెచ్చి దింపింది (ఏ ప్రోటీన్ గొలుసైనా దానితోనే మొదలవుతుంది). రెండో ఆటో దింపిన పిల్ల అతని చెయ్యి పట్టుకుంది. బుల్లెట్, జీరా గంభీరంగా అట్టలు చదువుతూ జరుగుతున్నారు, గొలుసు పెరుగుతోంది, నేను పక్కనే నడుస్తూ వివరిస్తున్నాను. పెద్దసారు ఫైలు మూసి కుర్చీలో ముందుకు జరిగారు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ‘ఇప్పుడు చూడండి సార్, ముగింపు సంకేతం’ అని నేను చెయ్యి చాచిన చోట తాడుకి ఖాళీ ఉంది. బుల్లెట్ ఆ ఖాళీని చూశాడు, నన్ను చూశాడు, దాన్ని దాటి తర్వాతి అట్ట చదివాడు.

ఆగమని సైగ చేశాను. బుల్లెట్ చిన్నగా నవ్వాడు. సార్ పరీక్ష పెడుతున్నారని అనుకున్నాడు పాపం. పేరు పెట్టి పిలిచాను. ఒట్టు గుర్తున్నవాడిలా తల అడ్డంగా ఊపాడు. ఆటోలు మరీ సిన్సియర్. అమైనో ఆమ్లాలుగా నిలబెట్టడానికి పిల్లలు మిగల్లేదు, సగం మంది చేన్లలో ఉన్నారు కదా. అందుకని ఎదురుగా ఎవరు కనిపిస్తే వాళ్లని పట్టుకొచ్చారు. ముందు చిచ్చాని తెచ్చారు. తర్వాత టీసీ కోసం వచ్చి ఆఫీసు ముందు నిలబడ్డ ఒక పెద్దమనిషిని తెచ్చారు. తర్వాత పెద్దసారి జీపు డ్రైవరు. అతను నవ్వుతూనే వచ్చి గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం అయ్యాడు. ఆపడానికి పరుగెత్తుకొచ్చిన ప్రిన్సిపాల్ సారుని కూడా వదల్లేదు. ఆయన చెయ్యి విదిలించుకోబోతే ఒక ఆటో వినయంగా, బంధం గట్టిది సార్, ఊకె ఊడిరాదు అని చెప్పింది. నేను చెప్పిన పాఠమే.

రైబోసోము గేటు దగ్గరకు చేరింది. అక్కడితో తాడు అయిపోయింది. ఇక చదవడానికి ఏమీ లేక, ఆపమని చెప్పే అట్టా లేక, బుల్లెట్, జీరా ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని అక్కడే ఇరుక్కుపోయారు. (కణంలోనూ అచ్చం ఇలాగే ఇరుక్కుంటుంది. ఆ క్షణంలో కూడా నాకు ఆ సంగతి గుర్తొచ్చి కొంచెం గర్వం కలిగింది, నా బుద్ధి అలాంటిది.) కానీ గొలుసు అప్పటికే పొడుగైపోయింది. చోటు చాలక, ముందున్న మిథియోనిన్ గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లి, ఎండ తప్పించుకోవడానికి అటువైపు టీ కొట్టు నీడలో నిలబడ్డాడు. రోడ్డుకి అడ్డంగా చేతులు పట్టుకుని పిల్లలు, మధ్యలో ప్రిన్సిపాల్, చివర గేటు దగ్గర ఇద్దరు కౌగిలించుకుని ఉన్నారు. మన జిల్లాల్లో ఎవరైనా దాన్ని చూసి ప్రోటీన్ అనుకుంటారా?

ముందు ఒక షేర్ ఆటో ఆగింది. తర్వాత రెండు బైకులు. తలపాగా చుట్టుకున్న ఒక తాత దిగివచ్చి, ఏం డిమాండని మిథియోనిన్‌ని అడిగాడు. గొలుసులో మాట్లాడకూడదని నేను చెప్పాను కాబట్టి వాడు మాట్లాడలేదు. ఆ మౌనం చూసి తాతకి విషయం చాలా సీరియస్ అని అర్థమైంది. ప్రిన్సిపాలంతటివాడే రోడ్డెక్కిండంటే సాయంత్రం బస్సు కోసమే అని తేల్చేసి, చేతికర్ర టీ కొట్టుకి ఆనించి మిథియోనిన్ రెండో చెయ్యి పట్టుకున్నాడు. (కణంలో ఎవరూ అలా ముందునుంచి వచ్చి కలవరు. నా శాస్త్రం అక్కడితో అయిపోయింది.) సాయంత్రం నాలుగు దాటితే ఆ ఊరికి బస్సు లేని మాట నిజం. ఆటోలోని ఆడవాళ్లు దిగి కలిశారు, బైకుల వాళ్లు కలిశారు, టీ కొట్టతను పొయ్యి తగ్గించి వచ్చి కలిశాడు. పది నిమిషాల్లో ‘కావాలె కావాలె, బస్సు కావాలె’ అన్న నినాదం అందుకుంది. గ్లైసిన్‌గా మారిన డ్రైవరు అందరికన్నా గట్టిగా అరిచాడు. వరండాలో పెద్దసారు లేచి నిలబడ్డారు. నేను నా మూడు చొక్కాలు పెట్టెలో మడతపెడుతున్నట్టు కళ్ల ముందు కనిపించింది.

ఎవరో దీన్నంతా ఫోన్లో తీసి వాట్సాప్‌లో పెట్టారట. అది చేన్లో పూలు అద్దుతున్న డౌటమ్మ మేనత్త ఫోనుకి చేరింది. ఆ అమ్మాయి చూడగానే తన సంచిలో ఉన్న అట్ట గుర్తొచ్చి, అన్న బైకు మీద ఎక్కి వచ్చింది. జుట్టులో పత్తి ఆకు ముక్క, వేళ్లకి పసుపచ్చని పుప్పొడి, కొంగుకి రెండు ఎర్ర కాగితాలు. జనాన్ని పట్టించుకోకుండా తిన్నగా గేటు దగ్గరకొచ్చి, బుల్లెట్ ముఖం ముందు అట్ట ఎత్తి పట్టుకుంది. బుల్లెట్, జీరా ఇద్దరూ హమ్మయ్య అని చెరో పక్కకీ కూలబడ్డారు. పిల్లలంతా ఒక్కసారిగా చేతులు వదిలేశారు. నాకెందుకో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంత చక్కగా ఆ పాఠం ఏ ప్రయోగశాలలోనూ జరిగి ఉండదు. తాతా, ఆయన వర్గమూ మాత్రం మరో అరగంట దాకా వదల్లేదు.

పెద్దసారు మమ్మల్నందర్నీ వరండాలోకి పిలిచారు. ఫైలు తెరిచి పెన్ను తీసి, గొలుసు ఎందుకు ఆగలేదని అడిగారు. అట్ట లేదు సార్ అన్నారు పిల్లలు. అట్ట ఎందుకు లేదు అన్నారు ఆయన, నా ముఖంలోకి చూస్తూ. తప్పు నాది. ఆ అమ్మాయి ముందే చెప్పింది, ఎవరొస్తారో కనుక్కోమంది, నేను వినలేదు. ఇంత చిన్న మాట చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషమూ నేను గొంతు సవరించుకోవడంతోనే గడిపాను.

“తప్పు నాదే సార్,” అంది డౌటమ్మ. “అట్ట నా కాడ్నే ఉండిపాయె. సారు మంచిగనే చెప్పిండు. గొలుసు ఎందుకు ఆగలేదో మీరు ఎవర్నడిగినా చెప్తరు.”

పెద్దసారు జీరాని అడిగారు. జీరా చెప్పాడు. ఒక ఆటోని అడిగారు. ఆటో చెప్పింది. చివరికి ఆయన తన డ్రైవరు వైపు అనుమానంగా చూస్తే, అతను కూడా చేతులు కట్టుకుని, మూడక్షరాలు లేకుంటే ఆగదంట సార్ అన్నాడు. పెద్దసారికి నవ్వు ఆగలేదు. ఫైల్లో ఏదో రాసి, ఈసారి గేటు వేసుకుని పాఠం చెప్పమని నా భుజం తట్టి వెళ్లిపోయారు. నా ఉద్యోగం నిలిచింది. నెల తిరక్కుండా సాయంత్రం బస్సు కూడా వచ్చింది. ఆ ఘనత అంతా తాతదేనని ఊరు తీర్మానించింది, నేనూ అడ్డు చెప్పలేదు.

అర నిమిషం మూగవాడినైన సిగ్గు మాత్రం ఆ రాత్రి నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మర్నాడు మొదటి బస్సుకే బయల్దేరి నేరుగా వాళ్ల చేనికి వెళ్లాను. దారి పొడవునా ఒక ప్రసంగం సిద్ధం చేసుకున్నాను. గురువు మీది భక్తితో నింద తన నెత్తిన వేసుకున్న శిష్యురాలి గురించి, అలాంటి శిష్యురాలు దొరకడానికి గురువు చేసుకున్న పుణ్యం గురించి. ఆటోలో రెండుసార్లు మనసులో చెప్పుకుంటే రెండుసార్లూ నాకే చప్పట్లు కొట్టాలనిపించింది. డౌటమ్మ పత్తి సాలులో వంగి, ఎర్ర కాగితం ఉన్న పువ్వునల్లా వెతుక్కుంటూ మగపువ్వు అద్దుతోంది. గట్టు మీద నిలబడి మొదలుపెట్టాను. రెండో వాక్యం దగ్గరే అడ్డుపడింది, తలెత్తకుండానే.

“మీ కోసమని చెప్పలే సార్. మీ కొలువు పోతే ఈ ఏడు ఇంకో సారు రాడు. ఫిజిక్సు సారు పోయి నిరుడు సంది ఎవ్వరు రాలే. నాకు పరీక్షలున్నయి గద.”

ప్రసంగాన్ని అక్కడితో వదిలేశాను. తప్పు నాది కదమ్మా అన్నాను చివరికి, ఎలాగో. తెలుసు సార్ అంది. అందులో కోపమేమీ లేదు, ఉన్న సంగతి చెప్పింది. తర్వాతి మొక్కకి జరుగుతూ, “చేతులు ఖాళీ లేవు గానీ చెవులు ఖాళీగనే ఉన్నయి సార్. ఈ పది రోజుల్ల నేను రాని క్లాసుల ఏమేం చెప్పిండ్రో ఆడ నిలబడి చెప్పండ్రి,” అంది.

చెప్పాను. క్రాసింగ్ అయిపోయేదాకా రోజూ కాలేజీకి ముందు రెండు గంటలు, ఆమె ఒక సాలు, నేను పక్క సాలు. వాళ్లమ్మ, ఇద్దరు మేనత్తలు కూడా వినేవాళ్లు, అర్థం కాకపోతే నిర్మొహమాటంగా మళ్లీ చెప్పమనేవాళ్లు. నా చొక్కాలు మూడూ ఆ సీజన్లోనే పాడయ్యాయి. డౌటమ్మ ఇప్పుడు నాగర్‌కర్నూల్ వైపు ఒక దవాఖానలో రక్తపరీక్షలు చేస్తోందట. నాకు పర్మినెంటు ఉద్యోగం వచ్చింది, జుట్టు కొంచెం పోయింది. భక్తి గురించి ప్రసంగం మోసుకుంటూ అంత పొద్దున్నే పత్తిచేలో దిగిన ఆ ఇస్త్రీ చొక్కా కుర్రవాడు ఒక్కోసారి గుర్తొస్తాడు. వాడికి ఆ పిల్ల దణ్ణం పెట్టలేదు, పని చెప్పింది. పంతులుగా వాడు బాగుపడ్డది ఆ పూటనుంచే.